నల్లగుండ్లకు నెలకొక్కసారి

ఆత్మకూరు నుంచి బండి మీద గంట సేపు,
ఏటి ఒడ్డున కంపచెట్టు కింద బండి నిలిపి
పుట్టిలో ఇంకో పావుగంట.
నల్లగుండ్లలో నలభై ఒక్క మీటర్లున్నయి.
అంతకు మించి నాకక్కడ పని లేదు.

పుట్టి నడిపే ఊశన్న మాట్లాడడు.
బిల్లు మిషను తడవకుండ గుడ్డలో చుట్టి
ఒళ్లో పెట్టుకుని కూసుంట.
అతను తెడ్డు ముందుకేసి గుంజుతుంటె
పుట్టి మెల్లగ తిరుగుతది,
కృష్ణ నా చుట్టూ తిరిగినట్టుంటది.
మొదటిసారి కండ్లు తిరిగి వాంతయింది.
ఇప్పుడు ఆ తిరుగుడు లేకపోతే
ఊరికి పోయినట్టే ఉండదు.

రేవు దిగితే ఎండుచేపల వాసన,
రెండడుగులేస్తే తారు వాసన.
ఎవరో పుట్టిని బోర్లేసి అడుగుకు పూత పూస్తుంటరు.
కుక్క లేస్తది, నన్ను గుర్తుపడుతది,
మొరుగుడెందుకులే అని మళ్లీ పండుకుంటది.

ఈ ఊరు ఎంత నెమ్మదో
నేను యూనిట్లల్ల చదువుత.
పద్దమ్మ ఇంట్ల పదకొండు.
ఒకటే బల్బు, అదీ బువ్వ తినేదాక.
కుర్వ బీరప్పకు పంతొమ్మిది. చిన్న ఫ్యాను కొన్నడు.
పక్కింటికి తాళం,
పోయిన నెల బిల్లు తలుపు సందులోనే ఉంది.
మేస్త్రి ఎంబడి పోయిన్రంట, ఉగాదికన్న వస్తరో రారో.
అందరికీ సున్నా బిల్లే.
మిషను కిర్రుమని కాగితం కక్కుతది.
ఆ పూటకు ఊర్ల పెద్ద చప్పుడు అదే.

జమ్ములమ్మ ప్రతిసారీ చాయ్ పోస్తది.
అల్లుడు రాయచూరు సంతల కొన్న ఫ్లాస్కు,
దాని మీద ఒక ఊరు:
ఏరు, వంకర పడవ, మంచులో సగం మునిగిన గుట్టలు,
పక్కన నిలువుగ ఏవో చీనా అక్షరాలు.
"బిల్లు చదువుతవు గద, ఇది ఏ ఊరో చదువు సారూ" అన్నది.
రాదన్న.
"మొదట మనూరే అనుకున్న" అన్నది,
"గానీ మన గుట్టలు గంత సన్నగ లేవు.
గా పడవల కూసున్నాయన కూడ
మావోని లెక్కనే బీడీ తాగుతున్నట్టుంది."

పోయినేడు ఆఖరి ఇల్లు దాటి
ఏట్లోకి వంగిన గుండు మీద
కట్టెకు కట్టిన బల్బు చూసిన.
తీగ పట్టుకుని పోతే
సక్కగ స్తంభానికే తగులుకున్నది.
మీటరు లేదు, సర్వీసు నంబరు లేదు.
ఇట్లాంటిదానికి నా పుస్తకంలో ఒక గడి ఉంది,
రాయవలసిన మాట కూడా ఉంది.

"ఎవరిది?" అన్న.
ఊశన్న చాలాసేపు నీళ్ల దిక్కే చూసి
"రాత్రి వచ్చేటోళ్లది" అన్నడు.
అతని గొంతు అంత సన్నగ ఉంటదని అప్పుడే తెలిసింది.

గడి ఖాళీగ వదిలేసిన.
ఏఈ సారు అడగలేదు, నేను చెప్పలేదు.
భయం మాత్రం ఉంటది,
లెక్కలప్పజెప్పి సంతకం పెట్టేదాక, ప్రతి నెల.

మొన్న వాన పట్టుకుని పొద్దుపోయింది.
పైన గేట్లు లేపిన్రంట, ఏరు ఎర్రగ ఉబ్బింది.
"ఉండు, రేపు పోదువు" అన్నరు.
ఇంట్ల పిల్లకు జ్వరం. ఉండలేకపోయిన.
ఊశన్న ఏమీ అనకుండ తెడ్డు తీసుకున్నడు.

చీకట్ల ఒడ్డు లేదు, గుట్ట లేదు,
చేతికి తడి అంచు ఒక్కటే తెలుస్తున్నది.
పుట్టి తిరిగినప్పుడల్లా
ఆ బల్బు ఒకసారి వెనక, ఒకసారి భుజం పక్కన,
ఒకసారి సూటిగ నా ముఖం మీద.
నలభై వాట్లు, రాత్రికి పది గంటలు,
నెలకెంతయితదని లెక్క మొదలుపెట్టి
నడుమల్నే మర్చిపోయిన.

ఇవతల ఒడ్డున దిగిన.
ఊశన్న పుట్టిని మర్లేసుకుని
వెలుతురు దిక్కు పోయిండు.
బండి స్టార్టు చేయబుద్ధి కాలేదు.
చప్పుడు చేస్తే తెడ్డు వినిపించదు.